బతికున్న కొడుకు చేతిలో పుర్రె

నథానియేల్ నడుస్తున్నది పార్లమెంటు సభలోనే, కానీ కాళ్ల కింద తడిసిన గడ్డి ఉంది, బెంచీల మధ్య పొగమంచు తిరుగుతోంది, అవతలి చివర, రాజుకూ పార్లమెంటుకూ జరిగిన యుద్ధం మధ్యలో చనిపోయిన తండ్రి, బారొనెట్ బిరుదున్న సర్ రాల్ఫ్ విక్‌స్టెడ్, ఎటు ఓటెయ్యాలో తేల్చుకోలేక అటూ ఇటూ చూస్తూ నిలబడి ఉన్నాడు. చచ్చినా ఆయనకు ఆ గోడమీద పిల్లివాటం పోలేదు.

దగ్గరికి వెళ్లేసరికి సభ కాస్తా ఊళ్లోని చర్చి అయిపోతుంది, తండ్రి బతికుండగానే ముచ్చటపడి చెక్కించుకున్న పాలరాతి సమాధి ఎదురుగా ఉంటుంది, దాని పక్కన మోకరిల్లిన కొడుకు బొమ్మ నథానియేల్‌దే, ఆ బొమ్మ చేతిలో పుర్రె. ఇంగ్లండులో కన్నవాళ్ల కంటే ముందే కన్నుమూసిన బిడ్డ బొమ్మకే అలా పుర్రె పెడతారు. నథానియేల్ మాత్రం నిక్షేపంగా బతికే ఉన్నాడు. చేసిన నేరమల్లా రాజును కాదని పార్లమెంటు వైపు కత్తి పట్టడమే.

"బతికున్నవాణ్ణి నన్నెందుకు చంపేశారు నాన్నగారూ?"

"అరవకు. నీ కోసం రాజుగారి మనుషులొచ్చారు, ఇల్లు తగలబెడతామన్నారు. నా కొడుకు ఎప్పుడో పోయాడని ఆ బొమ్మ చూపించాను. వెళ్లిపోయారు."

"మరి మావాళ్లు వచ్చి ఉంటే?"

"శిల్పికి ముందే చెప్పాను. పుర్రె విడిగా చెక్కి అతికించమన్నాను. ఊడదీస్తే కింద ప్రార్థన పుస్తకం ఉంటుంది, బతికున్న కొడుకు బొమ్మే అయిపోతుంది."

నథానియేల్‌కు ఒళ్లు మండిపోతుంది. అయినా సిగ్గులేని మనసు, నువ్వు నా కొడుకువే అన్న ఒక్క మాట కోసం దేబిరిస్తుంది. "ఇంతకీ మీ లెక్కలో నేను చచ్చానా, బతికానా?"

సర్ రాల్ఫ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తాడు. "ముందు యుద్ధం ఎవరు గెలిచారో చెప్పు."

గెలిచింది పార్లమెంటు. ఆ మాట చెబితే తండ్రి ఇప్పుడే కావలించుకుంటాడు, అలాంటి కౌగిలి తనకి అక్కర్లేదు, అందుకే నథానియేల్ అబద్ధమాడి చూస్తాడు. "రాజుగారే గెలిచారు. నన్ను వెతుకుతున్నారు."

తండ్రి ముఖంలో ఒక్క క్షణం దిగులు కనిపిస్తుంది, ఆ వెంటనే సభలో మాట మార్చేటప్పటి మర్యాద వచ్చి కూర్చుంటుంది. "అయితే బాబూ, ఆ పుర్రెను గట్టిగా పట్టుకో. వదలకు" అని, బట్టలు సర్దుకుని సమాధి మీద పడుకుంటాడు.

భార్య బ్రిజెట్ మోచేత్తో పొడిస్తే నథానియేల్ కళ్లు తెరుస్తాడు. చర్చిలో ఆదివారం ప్రసంగం ఇంకా సాగుతోంది. ఒళ్లో కుడిచెయ్యి తిమ్మిరెక్కి ఉంది, దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకున్న వేళ్లు ఎంతకీ విడివడడం లేదు.

"ఇంత చల్లగా ఉందేమిటండీ చెయ్యి?" అంటూ ఆవిడ ఒక్కొక్క వేలే విప్పడం మొదలుపెడుతుంది.