చదివి పెట్టు పాపా

మొహం కడుక్కోవడానికి తిప్పిన కుళాయికీ, ఏడుపు వినబడకుండా తిప్పిన కుళాయికీ తేడా హుస్సేనమ్మకు తెలుసు. రెండో అంతస్తు బాత్రూములో అద్దాలు తుడుస్తూ ఆమె మూడో తలుపు వైపు చెవి పెట్టింది. నీళ్లు ఒకే తీరుగా పడుతున్నాయి. వాటికి చెయ్యి అడ్డం పడడం లేదు. మధ్యలో సన్నగా, "యేసయ్యా, నావల్ల కావట్లేదు" అని వినబడింది.

తెలుగు పిల్ల! షార్జాలోని ఈ యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో ఆమె ఊడవడం మొదలుపెట్టి ఈ 2005 సెప్టెంబరుకు ఎనిమిదేళ్లు. తెలుగు పిల్లలు తగిలింది ఇద్దరో ముగ్గురో.

హుస్సేనమ్మ పొట్టి మనిషి. ఫినాయిలుకు వేళ్ల చివర్లు తెల్లబడి పొట్టు లేచి ఉంటాయి. గుడ్డ భుజాన వేసుకుని, జేబులోంచి ఫోను కార్డు తీసి, ఆ వేళ్లతోనే తలుపు తట్టింది.

"పాపా, రోంత బయటికి రా. ఈ కార్డు మింద నెంబరు చదివి పెట్టు. నాకు కండ్లు ఆనవు."

కుళాయి ఆగింది. తలుపు తెరుచుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఆ పిల్ల పేరు హెప్సీ. తల్లి ఈ దేశంలోనే ఖోర్ ఫక్కాన్ అనే ఊళ్లో ఆసుపత్రి నర్సు, సొంతూరు పాలకొల్లు. ఇంజనీరింగులో చేరి తొమ్మిది రోజులు. కార్డు మీది అంకెలన్నీ చదివేసరికి ఆమె గొంతు కాస్త స్థిమితపడింది. అవే అంకెలు రెండోసారి చదివించుకుంటూ హుస్సేనమ్మ ఒక్కొక్క సంగతీ రాబట్టింది. క్లాసులో చెప్పేది అందడం లేదు. పక్కన ఎవరూ కూర్చోరు. మెస్సులో ఒక్కతే తినడానికి సిగ్గేసి మూడు రోజులుగా బిస్కెట్లతో గడుపుతోంది.

"పద్నాలుగో గదిలో సూడాను పిల్ల ఉండాది, సమర్ అని. మెస్సులో యా గిన్నెలో ఏముండాదో తెలీక ఆకలికి పడుండాది పాపం. మద్యానం నువ్వు తోలుకపో."

"నేనా ఆంటీ?"

"నువ్వే. ఇంకెవుర్ని అడిగేది?"

ఆ తరవాత పద్నాలుగో గది తలుపు తట్టి, సమర్‌తోనూ కార్డు చదివించుకుని, వచ్చీరాని అరబ్బీలో హెప్సీ గురించి అదే మాట చెప్పింది.

ఈ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. ఆరేళ్ల కిందట కూతురు మాబున్ని రాయచోటి నుంచి వెళ్లి కడపలో డిగ్రీలో చేరింది. పదో రోజున హుస్సేనమ్మ గేటు దగ్గరి బూత్ నుంచి ఫోను చేస్తే, "ఈడ నాతో ఎవురూ మాట్లాడరుమా, ఇంటికి పోతా" అంది. కార్డులో నిమిషాలు అయిపోవస్తున్నాయి. "నాలుగు దినాలు ఓర్సుకో, అదే సర్దుకుంటాది" అని హుస్సేనమ్మ పెట్టేసింది. ఆ నాలుగు రోజులూ పిల్ల కామెర్ల జ్వరంతో గదిలో ముసుగు తన్ని పడుకుంది. పక్క గదుల పిల్లలు చెడ్డవాళ్లేం కాదు. పరిచయం లేని పిల్ల తలుపు ఏమని తట్టాలా అని మొహమాటపడ్డారు, అంతే. ఐదో రోజు ఆసుపత్రికి మోసుకుపోయారు. హుస్సేనమ్మకు సెలవు దొరికేసరికి పిల్ల పోయిన నలభయ్యో రోజు ఫాతెహా కూడా దాటిపోయింది.

జేబులోని కార్డు అప్పటిదే. ఆమె ఫోను చేయవలసిన వాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

నాలుగు కావస్తుండగా సూపర్‌వైజరు ఇమామ్ హుస్సేన్ ఊడ్చే ఆడవాళ్లందరికీ తలా ఒక కాగితం పంచాడు. ఎవరి మొహమూ చూడకుండా "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ దిగిపోయాడు. మధ్యాహ్నం కలిసి తిన్న హెప్సీ, సమర్ అప్పుడే క్లాసుల నుంచి నవ్వుకుంటూ మెట్లెక్కి వచ్చారు.

"ఆంటీ, దొరికిపోయారు! నాకే ఏ గిన్నెలో ఏముందో తెలీదని సమర్‌కి చెప్పారంట కదా?"

హుస్సేనమ్మ నవ్వి కాగితం చాపింది. "ఇది గూడా రోంత చదివి పెట్టు పాపా."

"మళ్లీ నాటకమా? మీకు నెంబర్లు వచ్చు. సమర్‌తోనూ అదే కార్డు చదివించారు."

"నెంబర్లొస్తాయి పాపా. ఇంగిలీసు రాదు."

హెప్సీ నవ్వు మొహంతోనే మొదలుపెట్టి, రెండో వరుసలో ఆగిపోయింది.

"చదువు. ఏం గాదు."

"మీ కంపెనీ కాంట్రాక్టు అయిపోయిందంట ఆంటీ. ఇక్కడికి వేరే వాళ్లొస్తారంట. మీ అందరి వీసాలూ..."

"ఖలాసా? అయిపోయినాయా?"

హెప్సీ తలూపింది. "ఇవాళే ఆఖరంట. ఐదింటికి బస్సు. ఎల్లుండి ఫ్లైటు."

హుస్సేనమ్మ కాగితాన్ని మడతల మీదే మళ్లీ మడిచింది. రాయచోటిలో ఇంటికి తాళం వేసి ఆరేళ్లు. తాళంచెవి ఎవరికిచ్చిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"ఇరవై రెండో గది పిల్ల పొద్దున్నించి బయటికి రాలే," అంది చివరికి. "నువ్వు పోయి తట్టు."

"ఏమని తట్టను ఆంటీ?"

"నీకేం కావాలని మటుకు అడగగాకు. నాకిది చేసిపెట్టు అని అడుగు. లేసొస్తాది. పో, ఇద్దరూ పోండి."

ఇరవై రెండో గదిలో గంట పైనే పట్టింది. ఆ పిల్ల మొహం కడుక్కుని వాళ్లతో పాటు బయటికి వచ్చేసరికి ఐదున్నర దాటింది. పనివాళ్లుండే సజ్జా క్యాంపుకు పోయే బస్సు గేటు దాటి పోయి అరగంట. హెప్సీ వరండా చివరికి పరుగెత్తింది. బక్కెట్లు పెట్టే చిన్న గది తలుపు తెరిచే ఉంది. నేల మీద, హుస్సేనమ్మ పనిలో వేసుకునే, ఎడమ మడమ ఒకవైపుకు అరిగిపోయిన రబ్బరు చెప్పుల జత, ఇంకా తడిగా.