బోడి కేకు

న్యూజెర్సీలో లోర్నా వాళ్ల వీధిలో ఆదివారం చర్చి నుంచి వస్తూ క్రంబ్ కేకు కొనుక్కురాని ఇల్లు లేదు. కింద కేకు వేలెడుంటే, పైన వెన్న, పంచదార, దాల్చినచెక్క కలిపిన పొడి ఉండలు అంతకు రెట్టింపు మందం. ఎవరైనా తినేది ఆ ఉండల కోసమే.

లోర్నా మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ బోడి కేకే తింటోంది. "తమ్ముడు చిన్నోడు కదే, వాడికిచ్చెయ్" అంటూ తల్లి విల్మా ఆమె ముక్క మీది పొడంతా గీకి కర్ట్ పళ్లెంలో వేసేది. ఇప్పుడా చిన్నోడికి బట్టతల. తల్లికి చూపు ఆనదు, మతి నిలవదు. ఆమెకు నీళ్లు పోసేదీ, మందులు మింగించేదీ లోర్నాయే.

ఈ ఆదివారమూ కర్ట్ వచ్చాడు. కేకు పెట్టె ముందేసుకుని ఉండలన్నీ ఏరుకు తిని, "పనుందక్కా" అంటూ లేచిపోయాడు.

అతని కారు మలుపు తిరిగిందో లేదో, తల్లి పెట్టెలో చెయ్యి పెట్టి తడిమింది.

"అంతా నువ్వే మింగావుటే? చిన్నప్పట్నుంచీ నీకు తిండి యావ ఎక్కువే. ఇప్పుడు వాడొస్తే ఏం పెడతావు?"