పడుగు కింద రంగి

పొద్దున మగ్గం గుంటలోకి కాళ్ళు దించగానే తడి తగిలింది. రంగి అక్కడికి వచ్చి పడుకుంది. తొక్కుడు కర్రల వెనకాల, బిగించిన పడుగు దారాల కింద, మనిషి దూరలేని మూలకు ఒదిగి రొప్పుతోంది.

పదేళ్ళ కుక్క. పళ్ళు చాలావరకు ఊడిపోయాయి. ఈ వయసులో దానికి కడుపు వచ్చిందని తెలిసి మంగళగిరిలో మా వీధంతా నవ్వింది. నేను నవ్వలేదు. నెల రోజులుగా నా రేషను బియ్యంలో సగం వండి, గంజిలో మెత్తగా పిసికి దానికే పెడుతున్నాను.

"కన్నతల్లికి ఏనాడైనా కలిపి పెట్టావుట్రా?" అని మా అమ్మ చౌడేశ్వరమ్మ దెప్పుతూనే ఉంది.

రంగిని పిల్లగా ఉన్నప్పుడు కొంగులో వేసుకుని తెచ్చింది నా భార్య రావమ్మ. ఆమె పోయి తొమ్మిదేళ్ళు.

ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు రంగి నొప్పులు ఆగిపోయాయి. అలా ఆగడం మంచిది కాదని నాకు తెలుసు. రావమ్మకూ ఆగాయి.

"అమ్మా, దీనికి కాన్పు కావడం లేదే."

"కుక్కకి కాన్పేమిట్రా, అదే ఈనుతుంది. నువ్వు లేవకు. ఇంకా ఆరు గజాలేగా!"

నూలు సర్కారు కంట్రోలులోకి వెళ్ళాక నాలుగు నెలలు తిరిగితే దొరికిన పడుగు అది. చివరి గజాలు నేసేటప్పుడు నేతగాడు మగ్గం దిగకూడదని మా ఇంటి ఆచారం. ఆ ఆచారం వెనక నేనెంత హాయిగా దాక్కున్నానో నాకొక్కడికే తెలుసు. రావమ్మ లోపలి గదిలో మెలికలు తిరిగిన రోజు కూడా నేను చివరి గజాల్లోనే ఉన్నాను. మిషను ఆసుపత్రిలో కాన్పుల పని నేర్చుకున్న తెరేసమ్మ సంగతి విని తనంతట తనే గుమ్మం దాకా వచ్చింది. అమ్మ ఆమెను లోపలికి రానివ్వలేదు. అదంతా నాకు వినబడుతూనే ఉంది. నేను నాడె విసురుతూనే ఉన్నాను. మగ్గం ఆడుతుంటే మనిషి అరుపు సగమే వినిపిస్తుంది. సాయంత్రం మా మంత్రసాని బయటికి వచ్చి, "చేయి దాటిపోయింది నాయనా" అంది. ఈ తొమ్మిదేళ్ళూ ఆ మాట కప్పుకునే పడుకున్నాను.

రంగి మెడ చాచి నా మడమ నాకింది.

లేచాను. వెనకనుంచి అమ్మ అరుస్తోంది.

తెరేసమ్మ తన వాకిట్లో దోసకాయ ముక్కలు ఎండబెట్టుకుంటోంది.

"ఏం శేషయ్యగారూ, దారి తప్పారా?"

"కాన్పు కష్టమైందమ్మా. నువ్వు రావాలి."

"ఎవరికండీ?"

చెప్పాను.

"కుక్కకైతే మీ గుమ్మానికి నేను అంటు కాదన్నమాట."

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని లేచింది.

"పదండి. దానికేం తెలుసు పాపం."

అమ్మ గొణుగుతున్నా తెరేసమ్మ లోపలికి వచ్చి, బోర్లా పడుకుని గుంటలోకి చేయి చాచింది. "అందడం లేదు. పైకి తియ్యాలి."

"ఆ కర్రల ముడులు విప్పడానికి పూట పడుతుంది."

"అంతసేపు బతకదు. ఈ దారాలు అడ్డం లేకపోతేనో?"

అమ్మ గుమ్మం పట్టుకుంది. "ఒరేయ్, పడుగు మీద కత్తి పెడితే ఇల్లు నిలవదురా!"

"ఇప్పుడు నిలిచిందేముందే?"

కత్తి దించాను. బిగువుగా ఉన్న పోగులు టపటపా తెగి వెనక్కి ముడుచుకుపోయాయి. వదులైన కర్రలు ముడులతో సహా పీకి అవతల పారేసి రంగిని రెండు చేతులా ఎత్తాను. ఇంత తేలికా ఇది!

తెరేసమ్మ వేళ్ళకు ఆముదం రాసుకుంది. "తల పట్టుకోండి. కరుస్తుంది, ఓర్చుకోండి."

కరిచింది. బోసి చిగుళ్ళ కాటు. మొదటి పిల్ల అడ్డం తిరిగి ఉంది. చచ్చిపోయింది. అది రాగానే దాని వెనకే మరో రెండు వచ్చాయి. గుడ్డతో రుద్దితే కీచుమన్నాయి. కాసేపటికి రంగి తలెత్తి వాటిని నాకడం మొదలుపెట్టింది.

"బతుకుతుందండీ. గట్టి ముసల్ది. పాలు చాలవు, మేకపాలు పట్టండి."

ఆమె చేతుల మీద నీళ్ళు పోస్తూ అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"రావమ్మకూ ఇలాగే అడ్డం తిరిగిందా?"

"నన్ను చూడనిచ్చారేంటి?" అంది. చేతులు విదిల్చుకుంది. "అలాంటివి చాలా తీశానండీ, తల్లులు బతికారు. ఆ రోజు మీ అరుగు కింద గంటసేపు నిలబడ్డాను. మగ్గం ఆగుతుందేమో, మీరు బయటికి వచ్చి పిలుస్తారేమో అని."

ఆమె వెళ్ళిపోయింది.

నేను మగ్గం దగ్గర కూర్చుని అలవాటుగా గుంటలోకి కాళ్ళు దించాను. అక్కడ ఇంకా తడిగా ఉంది. కాళ్ళు కర్రల కోసం వెతికాయి. మూలన రంగి పిల్లల్ని నాకుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. దాన్ని కప్పడానికి ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు.