పదిహేడో గిన్నె

ఉదయం ఏడింటికల్లా జోసఫిన్ సోఫాకి, మంచానికి, ఆఖరికి మెట్ల కింద చీపురుకి కూడా ధర స్టిక్కర్లు అంటించేసింది. డైనింగ్ టేబుల్ మీది గిన్నెల జోలికి మాత్రం పోలేదు. మొత్తం పదిహేడు. ఒక్కటీ ఈ ఇంటిది కాదు. తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లలో, ముప్ఫై ఏళ్ళుగా ఎవరెవరో మర్చిపోయి వెళ్ళినవి. అడుగున మాస్కింగ్ టేపు మీద వాళ్ళ పేర్లున్నాయి.

"ఊళ్ళోవాళ్ళ గిన్నెలు అమ్ముకుని పోయిందన్న మాట నాకొద్దమ్మాయ్," అని ఇంటావిడ జ్ఞానమ్మ పని ఒప్పజెప్పిన రోజే చెప్పింది. డెబ్బై ఎనిమిదేళ్ళ రిటైర్డ్ నర్సు, ఒంటరి మనిషి. ఈ సాయంత్రం నాలుగింటికి పెద్దవాళ్ళని చూసుకునే అసిస్టెడ్ లివింగ్‌లో ఒక్క గదికి మారిపోతోంది. అందుకే ఇంట్లో సామానంతా అమ్మేసే ఈ ఎస్టేట్ సేల్.

జోసఫిన్ అందరికీ ఫోన్లు చేసింది. ఇలాంటివన్నీ ఓపిగ్గా చేస్తుంది. యాభై నాలుగేళ్ళు, అరిగిన మోకాళ్ళు, మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళజోడు. అమెరికాలో ఈ అల్ఫారెట్టా ఊళ్ళో పన్నెండేళ్ళుగా ఎన్ని ఇళ్ళు ఖాళీ చేసినా, ఏ ఇంటివాళ్ళకీ ఆమె ముఖం గుర్తుండదు. భర్త పోయినప్పుడు ఆయన చొక్కాలకి బేరమాడేవాళ్ళ ముందు తనే నిలబడాల్సొచ్చింది. ఒకడు కాలర్ మాసిందన్నాడు. అలాంటి మాట ఇంకెవరూ వినకూడదని ఈ పనిలోకి దిగింది. అమ్మకం రోజు ఇంటివాళ్ళు ఇంట్లో ఉండకూడదన్నది ఆమె పెట్టుకున్న ఒకే ఒక్క రూలు.

జ్ఞానమ్మ ఆ రూలుని పూచికపుల్లలా తీసిపారేసింది. "నేను కదలను. రేణు వస్తేనో?"

రేణు పేరున్నది పెద్ద స్టీలు గిన్నె. తొమ్మిదేళ్ళ కిందట అందులో తెచ్చిన పులిహోర షాపులో కొన్నదని జ్ఞానమ్మ నలుగురిలో అనేసింది. రేణు గిన్నె వదిలేసి వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ గడప తొక్కలేదు. ప్రాణస్నేహితురాలు! "క్షమించమని అడక్కుండా ఆ గదిలోకి పోతే నాకు నిద్ర పట్టదు," అంది జ్ఞానమ్మ. జోసఫిన్ రేణుకి మూడుసార్లు మెసేజ్ పెట్టింది. జవాబు లేదు.

తొమ్మిదింటికి జనం వచ్చారు. ఒకావిడ ఇడ్లీ ప్లేట్లు కొంది, చెవిపోగులు తగిలించుకోడానికట. ఏం చోద్యమో! జ్ఞానమ్మ ఊరుకుంటే కదా, కుక్కర్ కొనబోయిన పెద్దాయనకి గాస్కెట్ లీకవుతుందని చెప్పి తిప్పి పంపేసింది.

"ఆంటీ, మీరు నా వ్యాపారం ముంచేస్తారు," అంది జోసఫిన్. కోపం మాత్రం రాలేదు.

గిన్నెలవాళ్ళూ వచ్చారు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని జ్ఞానమ్మ మొన్ననే జంతికలు వండి పెట్టుకుంది. తలో గుప్పెడూ వేసి ఇచ్చింది. మూడింటికి పదహారో గిన్నెలో మిగిలినవన్నీ దులిపేసింది. "ఇక అది రాదులే," అంది.

నాలుగింటికి ఇంకో పావుగంట ఉందనగా వాకిట్లో కారు ఆగింది. రేణు దిగింది.

జ్ఞానమ్మ గబగబా వంటింట్లోకి వెళ్ళింది. అక్కడేముంది? ఉప్పు డబ్బాతో సహా అన్నీ అమ్ముడుపోయాయి. "ఖాళీ గిన్నె దాని చేతికెలా ఇచ్చేది జోసఫిన్!" అని ఏడ్చినంత పని చేసింది. జోసఫిన్ తన లంచ్ బాక్స్ తెరిచింది. పొద్దుట్నుంచీ తినే తీరిక దొరకని పెరుగన్నం. ఉన్నదంతా గిన్నెలోకి వంచి, చెంచా కూడా అందులోనే పెట్టి ఇచ్చింది.

"ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది రేణూ. తప్పైపోయింది," అంటూ జ్ఞానమ్మ గిన్నె చాచింది.

రేణు గిన్నె అందుకుని తల దించుకుంది. "అది షాపులో కొన్నదే అక్కా. ఆ రోజు ఓపిక లేక కొన్నాను. నువ్వు కనిపెట్టేశావని సిగ్గేసి రాలేదు."

"తొమ్మిదేళ్ళా!"

"మరే, తొమ్మిదేళ్ళు."

ఇద్దరికీ నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కుర్చీలన్నీ అమ్ముడుపోయాయి కాబట్టి వాకిలి మెట్ల మీదే చతికిలబడ్డారు. ఒకే చెంచాతో ఒకరి తర్వాత ఒకరు ఆ పెరుగన్నం తిన్నారు.

"నువ్వు బుక్ చేసుకున్న రైడ్ క్యాన్సిల్ చేసెయ్ అక్కా, నేను డ్రాప్ చేస్తా," అంది రేణు. జ్ఞానమ్మ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది. ఇంటివైపు ఒక్కసారి చూసి, జోసఫిన్‌కి చెయ్యూపింది.

జోసఫిన్ గదులన్నీ ఊడ్చి, లైట్లార్పి, తాళం వేసింది. కడుపు నకనకలాడుతోంది. మనసు మాత్రం నిండుగా ఉంది. మెట్టు మీద ఆమె చెంచా పడి ఉంది, రెండు పెరుగు మెతుకులు ఇంకా దానికి అంటుకునే ఉన్నాయి.