విజయశ్రీ నంబరు

సూరత్‌లోని ఆ తెలుగు నేతగాళ్ల గల్లీలో ఎవరి ఫోన్ నంబరూ ఆర్నెల్లకు మించి బతకదు. ఇక్కడ మగ్గాలు నడిచినన్నాళ్లు ఒక సిమ్ము, సిరిసిల్ల వెళితే ఇంకో సిమ్ము. అందుకే గ్యాస్ బండకైనా, రేషన్ కార్డుకైనా, ఆధార్‌కైనా గల్లీ అంతా ఒకే నంబరు రాయిస్తుంది. అది విజయశ్రీది. పెళ్లయినప్పటి నుంచీ నంబరు మార్చని మనిషి ఆమె ఒక్కతే. పిల్లలు ఓటీపీ అక్క అని వెక్కిరిస్తారు. ఆమెకు కోపం రాదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా.

కరోనాతో పోయినవాళ్ల కుటుంబాలకు ప్రభుత్వం సహాయం ఇస్తుందన్న సంగతి ఆ చలికాలం దాకా గల్లీకి తెలియనే లేదు. తెలిసినా ఏం లాభం? దరఖాస్తు గుజరాతీలో ఉంది, ఆఫీసు ఎక్కడో ఆల్థాన్ దగ్గర. వెళ్లినవాళ్లను ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిప్పి పంపేవారు. విజయశ్రీ సూరత్ బడిలో చదువుకుంది. ఒకరోజంతా అక్కడే నిలబడి అన్నీ అడిగి తెలుసుకుంది. పాత క్యాలెండర్ వెనక తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి కిరాణా కొట్టు గోడకు అంటించింది. ఏ బస్సెక్కాలి, ఏ కిటికీ, ఏ మూడు కాగితాలు, ఆఖరి తేదీ ఎప్పుడు. మరణ పత్రం, బ్యాంకు పుస్తకం, టెస్టులో పాజిటివ్ వచ్చినట్టు రుజువు. రిపోర్టు పోతే ఫోన్‌కు వచ్చిన మెసేజ్ ప్రింటు తీసినా చాలు.

ఆ చివరి వాక్యం రాయాలా వద్దా అని ఆగి, రాసేసింది.

గోడ మీద కాగితం పడ్డాక మూడు ఇళ్లవాళ్లు వచ్చారు. మూడు మెసేజ్‌లూ ఆమె ఫోన్‌లోనే ఉన్నాయి, టెస్టుకూ అందరూ రాయించింది ఆమె నంబరే కదా. వెతికి ప్రింటు తీయించింది, దరఖాస్తులు నింపింది. ఒక్కసారి వెళ్లి ఇచ్చేసి వచ్చారు. గల్లీ ఆమెను నెత్తిన పెట్టుకుంది. మిగిలింది ఎల్లవ్వ, కరోనాలో మొగుడు బిక్షపతిని పోగొట్టుకున్న మనిషి, విజయశ్రీకి గల్లీ వరసన అత్త. ఎల్లవ్వ రోజూ వస్తోంది.

"జర మల్లొక్కసారి సూడు బిడ్డా. మీ మామ మెసేజ్ ఏడనన్న ఉన్నదేమో."

"సూసిన అత్తా. లేదు."

ఉంది. ఏప్రిల్ పదకొండు, ఆదివారం, పొద్దున తొమ్మిదీ పది. బిక్షపతి పేరు, వయసు, పాజిటివ్. మూడుసార్లు చెరిపేద్దామని వేలు పెట్టింది. మూడుసార్లూ చెయ్యాడలేదు.

ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు పక్క గల్లీలో ఎవరికో ఇలాంటి మెసేజే వచ్చింది. ఆ మాట బయటికి పొక్కగానే, గంటలో మున్సిపాలిటీవాళ్లు వచ్చి గల్లీ మొదట్లో దారికి అడ్డంగా వెదురు బొంగులు కట్టేశారు. పద్నాలుగు రోజులు ఒక్క మగ మనిషినీ మగ్గాల కార్ఖానాకు పోనిచ్చేది లేదన్నారు. విజయశ్రీ మొగుడు నరహరి ముందటేడు లాక్‌డౌన్‌లో ఏడు నెలలు ఖాళీగా కూర్చుని, అప్పుడప్పుడే పనిలో కుదురుకున్నాడు. మెసేజ్ చూడగానే ఆమెకు ఆ బొంగులే కనిపించాయి. ఒక్కరోజు ఆగుదాం, రేపు చెబుదాం అనుకుంది. మామకు దగ్గు కూడా పెద్దగా లేదు కదా అని సర్దిచెప్పుకుంది.

ఆ సాయంత్రం ఎల్లవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకొని గుమ్మంలో నిలబడింది. "మెసేజ్ వచ్చిందా బిడ్డా?"

"ఇంకా రాలే అత్తా."

సోమవారం అడిగింది. మంగళవారమూ అడిగింది. బుధవారం తెల్లవారుతుండగా బిక్షపతికి ఊపిరి అందలేదు. ఆంబులెన్స్ వచ్చింది కానీ దవాఖానా గేటు దాటకుండానే ప్రాణం పోయింది. పోయిన మనిషికి అక్కడ మళ్లీ టెస్టు చేయలేదు. వారం తిరగకముందే ఇంకో ఇంటి కేసుతో గల్లీకి బొంగులు ఎలాగూ కట్టారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి మెసేజ్‌నూ విజయశ్రీ పరుగెత్తుకెళ్లి చెప్పింది. దానివల్ల మనసేమీ తేలికపడలేదు.

ఇప్పుడు గడువు ఇంకా రెండు రోజులే. చివరికి విజయశ్రీ ప్రింటు కొట్టుకు వెళ్లి ఆ మెసేజ్ తీయించింది. ఎల్లవ్వకు ఏ భాషా చదవడం రాదు. దొరికిందని చెప్పి వేలిముద్ర వేయించుకుంటే అయిపోతుంది. ఆఫీసులో తేదీ చూస్తారు తప్ప ఎవరు దాచారని అడగరు. ఆమె పని ఆమెకవుతుంది, తన పరువు తనకుంటుంది. ఇలా అనుకుంటూనే మధ్యాహ్నం ఎల్లవ్వ ఇంటికి వెళ్లింది.

"దొరికిందత్తా" అంది, కాగితాలు చాప మీద పరుస్తూ.

ఎల్లవ్వ రెండు చేతులూ జోడించింది. "నీ కడుపు సల్లగుండ. మీ మామ దవాఖాన బండిల గూడ నీ పేరే తీసిండు. విజయకు మెసేజ్ వచ్చిందేమో అడుగు అన్నడు. నేనే బిడ్డా, ఉత్త జరమే అనుకొని కషాయం పోసుకుంట కూసున్న. నేనే సంపుకున్న ఆయన్ని. ఎవలకు జెప్పుకోను?"

తాను దాచింది ఒక్క మెసేజే అనుకుంది విజయశ్రీ ఇన్నాళ్లూ. ఎనిమిది నెలలుగా విజయశ్రీ చేసిన తప్పును ఈ మనిషి తన నెత్తిన మోస్తోందని ఆమెకు తట్టనే లేదు.

"నువ్వు గాదత్తా" అంది. "మెసేజ్ ఆదివారమే వచ్చింది. నువ్వు అడగవచ్చేసరికే నా ఫోన్ల ఉన్నది. గల్లీ బందు వెడతరని భయపడి రాలే అని జెప్పిన."

ఎల్లవ్వ తిట్టలేదు, ఏడవలేదు. ఆ ప్రింటు కాగితం తీసి విజయశ్రీ చేతిలో పెట్టింది.

"సదువు."

"అత్తా..."

"ఆనాడు సదవాల్సింది. ఇప్పుడు సదువు."

విజయశ్రీ చదివింది. పేరు, వయసు, తేదీ, సమయం, పాజిటివ్. అది ముగిశాక ఎల్లవ్వ వేళ్లు లెక్కపెట్టుకుంది. ఆదివారం, సోమవారం, మంగళవారం. మూడు వేళ్లు ముడిచి చూసుకుంది. తర్వాత సిరాలో బొటనవేలు అద్ది, చూపించిన చోటల్లా ముద్ర వేసింది.

"ఆఫీసుకు నేనొక్కదాన్నే పోత. ఏ బస్సో గోడ మీద రాసినవంటగ, ఎవలతోనన్న సదివిచ్చుకుంట."

విజయశ్రీ తల ఊపింది. దరఖాస్తులో ఇక ఒక్క గడే మిగిలింది. అలవాటు చొప్పున కలం దాని మీదికి పోయి మొదటి అంకె వేయబోయింది.

"నంబరు కాడ నీది రాయకు" అంది ఎల్లవ్వ.

కొంగు ముడి విప్పి మడతలు పడిన చీటీ తీసింది. బార్డోలీలో ఉన్న కూతురు హారతి నంబరు. విజయశ్రీ ఒక్కో అంకె రాసి, తప్పు పోలేదని రెండుసార్లు పైకి చదివి వినిపించింది. ఆ గల్లీ నుంచి వెళ్లిన దరఖాస్తుల్లో ఆమె నంబరు లేనిది అదొక్కటే.