ఏబేలు అయ్యగారు నేలలోకి దిగిన ఆదివారం

కొనకనమిట్ల అవతల ఆ చిన్న ఊళ్లో ఆదివారం తొమ్మిదిన్నరకు మైకు వస్తుంది, పదిన్నరకు జనం వస్తారు. చర్చి నేల మట్టిది. అధైర్యపడ్డవాళ్లు అందులోకి దిగిపోతారు. బోరు ఎండినవాడు చీలమండల దాకా, కూతురు ఇంటర్ తప్పిన తల్లి పిక్కల దాకా. పట్టి లాగితే రారు. ఎవరైనా నాలుగు మంచి మాటలు చెప్పాలి, అవి నిజమై ఉండాలి. అప్పుడు తేలతారు. గుంటలు చర్చి ఊడ్చే దయామణి పూడుస్తుంది.

ఈ ఏడు వానల్లేవు. సగం సంఘం గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయింది. మిగిలినవాళ్లను వారం వారం పైకి తెచ్చే పని పాస్టరు ఏబేలుగారిది. ఖాళీ చాపలకు ప్రసంగం చెప్పీ చెప్పీ ఆయనా విసిగారు.

"మధ్యాహ్నం బస్సుకు పోతున్నా, పెట్టె కూడా సర్దినా. ఒంగోల్లో వాచ్‌మన్ పని చూసుకున్నా" అన్నారు మైకులో. అంటూనే మోకాళ్ల దాకా దిగిపోయారు.

సంఘపెద్ద మల్లయ్య పరుగున వచ్చాడు. "వందనాలు అయ్యగారూ. ధైర్యంగా ఉండాల. అట్లనే నా నడుం నొప్పి కోసం ఒక ప్రార్థన చేయండి."

అలవాటు కొద్దీ ఆయన కళ్లు మూసుకుని ప్రార్థించారు. ఇంకో జానెడు దిగారు.

"మా మనమరాలికి సంబంధం కుదరాలని కూడా" అంది దయామణి. ఆమె వెనక మిగతావాళ్లు వరస కట్టారు. ఆయన తొడల దాకా పోయారు.

"ఓదార్చను వచ్చినారా, ముంచను వచ్చినారా?" అని అరిచింది పాస్టరమ్మ రాధిక.

మల్లయ్యకు సిగ్గేసింది. "మీ ప్రసంగమంటే నాకు ప్రాణం, ఒక్క మాట వదలను" అన్నాడు. అయ్యగారు నడుం దాకా దిగారు.

"అబద్ధాలొద్దు మామా, మనిషి పోతాడు! నీ గురక మైకులో వినపడతాది" అంది దయామణి.

వెనక నుంచి ముసలి శ్రీశైలమ్మ లేచింది. "అయ్యా, నీ ప్రసంగం నాకెప్పుడూ అర్థం కాలేదు. నువ్వు పాట ఎత్తుకుంటే మా బర్రె బెదురుతాది."

అందరూ నోళ్లు తెరిచారు.

"మా ఆయన పోయినప్పుడు చుట్టాలంతా తిని పోయినారు. నువ్వొచ్చి గిన్నెలు తోమినావు. నీకు తోమడం రాదు, మళ్ల నేనే తోమినా. నవ్వొచ్చింది. ఆ నెలలో నేను నవ్వింది అప్పుడే."

అయ్యగారు మోకాళ్లదాకా పైకి లేచారు.

దయామణి అందుకుంది. "నాకు జ్వరమొస్తే మార్కాపురం ఆసుపత్రికని బండెక్కించుకోని, దారి తప్పి పొదిలి చూపించినారు. అయినా తెల్లారేదాకా నా మంచం కాడే కూర్చున్నారు."

"నేను నిద్రపోతానని తెలిసీ ఒక్కనాడూ పేరు పెట్టి లేపలేదు" అన్నాడు మల్లయ్య నేల చూపులు చూస్తూ.

రాధిక ఆయన పాదాలు బయటపడటం చూసి, పక్కనున్న ఇంటికి పోయింది.

ఏళ్ల తరబడి ఆయనకెవరూ చెప్పని మాటలు ఒక్కసారే పడ్డాయి. ఆయన నేలను దాటి జానెడు, మూరెడు లేచారు. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. పోదామని అయ్యగారు కాళ్లు ఆడించారు, కింద ఆనితే గదా.

"చాలు, ఆపండి! ఫ్యాను తగులుతాది" అంది శ్రీశైలమ్మ.

ఆయన మెల్లగా దిగేసరికి బస్సు మలుపు తిరిగింది. అయ్యగారు ప్యాంటు మట్టి దులుపుకుని, కిటికీలోంచి కేకేశారు.

"రాధికా, పెట్టె విప్పు."

"ఎప్పుడో విప్పినా. పొయ్యి మీద ఎసరు కూడా పెట్టినా" అని ఇంట్లోంచి జవాబొచ్చింది.