చప్పుడు చేసే డిస్కు

సమాధానం గారి ఫోను వచ్చేసరికి జడ్సన్ అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. ఫోను కుడి చెవికే పెట్టుకున్నాడు. నెల రోజులుగా అదే అలవాటు. సమాధానం గారు విడవలూరు చర్చికి కార్యదర్శి, ఏది చెప్పినా తీర్మానం చదివినట్టే చెప్తారు. చర్చి వందేళ్ల పండుగకు స్త్రీల సమాజం పాడే పన్నెండు పాటలూ జడ్సన్ దగ్గరే రికార్డు చేయించాలని పెద్దలంతా ఒప్పుకున్నారట. శనివారం పొద్దున్నే పద్నాలుగుమందీ వచ్చేస్తారట. జడ్సన్ "మంచిదండీ" అని ఫోను పక్కన పెట్టి, పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఎదురుగా కూర్చున్న అబిగయీలు ఊరుకోలేదు. సంగతేమిటో అడిగి చెప్పించుకుని, ఎంగిలి చేత్తోనే లేచి వంటింట్లో రెండు చుట్లు తిరిగి వచ్చింది. సూళ్లూరుపేటలో ఉన్న వాళ్లమ్మకు ఫోను చేసి చెప్పింది. చెప్పాక, పండుగ ఇప్పుడే మొదలైనట్టు అతని కంచంలో ఇంకో వంజరం చేప ముక్క వేసింది. పెళ్లయి నలభై రోజులైంది. బీఎస్సీ చదివిన ఆ అమ్మాయికి సంతోషపడటానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. పాలు పొంగకముందే స్టవ్ కట్టేయగలిగితే చాలు, ఆ పూటంతా హుషారుగా ఉంటుంది.

జడ్సన్‌కు మాత్రం ఆ సంతోషం పక్కవీధిలో వెళ్తున్న మేళంలా ఉంది. వెళ్తోందని తెలుస్తోంది, అంతే.

పెళ్లయిన వారానికి ఒక పొద్దున లేచేసరికి అతని ఎడమ చెవిలో దూది కుక్కినట్టయింది. నీళ్లు పోయాయేమో అనుకున్నాడు. తర్వాత జలుబు అనుకున్నాడు. రెండో వారానికి ఏమీ అనుకోవడం మానేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెవి వినపడని వాడి దగ్గరికి పాట పట్టుకుని ఎవరొస్తారు? వెనక గదిలో గోడలకు కొబ్బరిపీచు చాపలు కొట్టి, ఒక్కో మైకూ కూడబెట్టి, ఎనిమిదేళ్లుగా అతను బతుకుతున్నది ఆ చెవుల మీదే. కుడిది ఉంది కదా, నెట్టుకొద్దామనుకున్నాడు. కానీ మొద్దుబారడం చెవి దగ్గర ఆగలేదు. కూరలో ఉప్పు తక్కువైనా ఎక్కువైనా ఒకటిగానే ఉంటోంది. అబిగయీలు నవ్వితే తానూ నవ్వాలని గుర్తుచేసుకుని నవ్వుతున్నాడు.

ఆ పాటలు నెల్లూరులో పెద్ద స్టూడియోకు పోవలసినవి. పోయి కూడా తిరిగొచ్చాయి. ఒక్కొక్కరినీ విడిగా గాజుగదిలో నిలబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి పాడించబోతే ఎలిశబెతమ్మ ఒప్పుకోలేదు. ఆమె స్త్రీల సమాజానికి పెద్ద, డెబ్బై దాటిన మనిషి. చెవులకు డిప్పలు పెట్టుకుని, పక్కనున్న వాళ్ల నోరు చూడకుండా పాడితే అది పాటే కాదని చెప్పి అందరినీ బస్సెక్కించుకుని వచ్చేసింది. ఆ ఆడవాళ్లు ఒకరి నోరు ఒకరు చూసుకుంటూ, ఒకరి ఊపిరి మీద ఒకరు అందుకుంటారు. అందరూ ఒకేసారి పాడాలి, హార్మోనియం, డోలక్ పక్కనే మోగాలి. అంటే ఎనిమిది మైకులు, ఎనిమిది ట్రాకులు, అన్నీ కంప్యూటరులోకి ఒక్కసారే పోవాలి.

ఆ మధ్యాహ్నమే ఎనిమిదీ పెట్టి పరీక్షించి చూశాడు. అయిదో మైకు దాకా బాగానే నడిచింది. ఆరోది కలపగానే రికార్డింగు ఆగిపోయి, డిస్కు అందుకోలేకపోతోందని తెర మీద ఎర్రగా రాసింది. ఎనిమిదేళ్ల నాటి డిస్కు, పెళ్లిపాటలతోనూ వాక్య ప్రసంగాలతోనూ గొంతు దాకా నిండి ఉంది. లోపల పెట్టడానికి కొత్తది, వేగంగా రాసేది కావాలి. శనివారం లోపల కావాలి.

గురువారం పొద్దున నెల్లూరు వెళ్లి సుశీల్ కుమార్ అంగడిలో నిలబడ్డాడు. సుశీల్ కుమార్ మూడు పెట్టెలు బల్ల మీద పెట్టి విడమరిచాడు. మొదటిది మెల్లగా తిరిగేది, సినిమాలు దాచుకోవడానికి పనికొస్తుంది, పాటకు వద్దు. రెండోది నిమిషానికి ఏడువేల రెండువందల చుట్లు తిరిగేది, ఎనిమిది మైకులేం ఖర్మ, పదహారైనా పట్టుకుంటుంది. మూడోదాంట్లో తిరిగేదేమీ లేదు, అంతా చిప్పులే. అన్నిటికన్నా వేగం, చప్పుడే ఉండదు. కళ్లు మూసుకుని అదే తీసుకుపొమ్మన్నాడు.

జడ్సన్ రెండోది చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదెందుకన్నా? దీని చప్పుడు మైకుల్లో పడతాది. ఓహో, కొత్త పెళ్లికొడుకువి గదా, ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే భయమేస్తాందా?" అన్నాడు సుశీల్ కుమార్.

"తిరిగేదైతే ఎట్టుందో తెలుస్తాది," అన్నాడు జడ్సన్.

అది నిజమే. మొదటినుంచీ అతని పని అలాగే సాగింది. కంప్యూటరు పెట్టెను కాళ్ల పక్కనే పెట్టుకుంటాడు. డిస్కు టిక్కుటిక్కుమనే చప్పుడు బిగుసుకుందంటే ఇంకాసేపట్లో ఆగుతుందని తెలిసిపోతుంది, చెయ్యెత్తి పాడేవాళ్లను ఆపేస్తాడు. చప్పుడు లేని డిస్కు అతనికి ఊపిరి తెలియని మనిషిలా అనిపించింది. ఇంతకాలం చెవితో నడిపిన పని చెవితోనే నడుస్తుందని ఎవరికో చూపించాలని కూడా ఉందేమో, ఆ మాట అతను తనకు తాను చెప్పుకోలేదు.

ఇంటికొచ్చేసరికి మూడైంది. డిస్కు చుట్టిన వెండిరంగు సంచి తనకు కావాలని అబిగయీలు అడిగి తీసుకుంది. అతను నాలుగు మరలు బిగించి పెట్టె మూసేశాక, పాడేవాళ్ల జాగాలో నిలబడి పద్నాలుగుమంది వంతూ తానొక్కతే పాడింది, మధ్యలో ఎలిశబెతమ్మలా దగ్గింది. పది నిమిషాలు, ఎనిమిది మైకులూ తెరిచే ఉన్నాయి. ఒక్కచోట కూడా ఆగలేదు. జడ్సన్ తెర మీద కదులుతున్న ఎనిమిది గీతలూ చూస్తూ కూర్చున్నాడు. పని అయిందని తెలిసింది. ఇంకేమీ తెలియలేదు.

తన గొంతు వినిపించమని అబిగయీలు హెడ్‌ఫోన్లు లాక్కుంది. వింటూ నవ్వింది. పాట అయిపోయి ఖాళీ వచ్చిన చోట ఆగి, తల పక్కకు వంచింది.

"ఏమండీ, ఏదో ఈల మాదిరి వినిపిస్తా ఉంది. సన్నగా."

"రొయ్యల గుంటల కాడ నీళ్లు చిలికే చక్రాలు తిరగతాంటాయి. అదే."

"అవి బుడబుడమంటాయి. ఇది దోమ మాదిరి ఉంది."

హెడ్‌ఫోన్లు తీసి గదంతా తిరిగింది. కిటికీ దగ్గర విన్నది, ఫ్యాను కింద విన్నది, చివరకు మోకాళ్ల మీద కూర్చుని కంప్యూటరు పెట్టెకు చెవి ఆనించింది. దొరికిందని చప్పట్లు కొట్టింది. జడ్సన్ వంగి పెట్టె మీద అరచెయ్యి పెట్టాడు. రేకు సన్నగా వణుకుతోంది. కుడి చెవి దగ్గరగా పెట్టాడు. ఏమీ లేదు.

"వినిపించిందా?"

"ఆ, కొంచెం," అన్నాడు.

ఆ కొంచెం ఆమెకు నచ్చలేదు. అంత పెద్ద ఈల పట్టుకుంటే కొంచెమేమిటని ఆటకు దిగింది. హెడ్‌ఫోన్లు అతనికి పెట్టి, అతని ముఖం గోడవైపు తిప్పింది. ఆ ఖాళీ ముక్కను తాను ఒకసారి మోగిస్తుంది, ఒకసారి ఆపుతుంది. భుజం తట్టినప్పుడల్లా ఈల ఉందో లేదో అతను చెప్పాలి.

మొదటిసారి తట్టింది. ఉందన్నాడు. పకపకా నవ్వింది. రెండోసారి లేదన్నాడు. ఇంకా నవ్వింది, వేళాకోళం చేస్తున్నాడని వీపు మీద ఒకటి వేసింది. మూడోసారి అతను కొబ్బరిపీచు చాపలో ఊడిన ఒక పోగునే చూస్తూ ఉందన్నాడు. నాలుగోసారి తట్టి, చెయ్యి భుజం మీదే ఉంచేసింది. అతను చాలాసేపు ఆలోచించి లేదన్నాడు. నవ్వు రాలేదు.

హెడ్‌ఫోన్లు ఆమే తీసింది.

"నాలుగూ తప్పే చెప్పినారు," అంది మెల్లగా.

జడ్సన్ గోడవైపు నుంచి తిరగలేదు. తిరగకుండానే చెప్పాడు. "ఎడమది పెళ్లయిన వారానికే పోయింది, అబీ. కుడిది బాగుందనే అనుకుంటా ఉండా, ఇందాకటి దాకా."

ఆమె ఏడుస్తుందని ఎదురుచూశాడు. ఏడవలేదు. పాడేవాళ్ల కోసం పరిచిన చాప మీద కూర్చుని, వేళ్లు ముడుస్తూ ఏదో లెక్క చూసుకుంది. నెల్లూరు బస్సులో ఆమె ఎప్పుడూ కిటికీ పక్కనే, అతనికి ఎడమవైపే. బండి మీద అతని ఎడమ భుజం మీదే గడ్డం ఆనిస్తుంది. ఊటుకూరు రోడ్డులో సముద్రం కనిపించగానే అతని చెవిలో చెప్పిన మాటలున్నాయి. అన్నిటికీ అతను తలూపాడు.

"అయితే అవేవీ మీరు వినలేదా?"

"లేదు."

"ఎందుకు తలూపినారు?"

"నువ్వు సంతోషంగా ఉండావు."

అబిగయీలుకు కోపం వచ్చింది. పెళ్లయ్యాక మొదటి కోపం, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. లేచి వెళ్లి కంప్యూటరు ఆపేసింది. ఏం చెప్పిందో మళ్లీ చెప్పమని అతను అడిగాడు. ఇప్పుడు చెప్పనంది. చెవి పోయినందుకు ఏమీ అననని, నెల రోజులు దాచినందుకు మాత్రం వదిలిపెట్టనని చెప్పింది. శనివారం సంగతి ఏం చేద్దామని అతను అడిగితే, అతనికి కుడివైపుగా వచ్చి కూర్చుంది. జడ్సన్‌కు ఏడుపు వస్తుందేమో అనిపించింది, కానీ అదీ సగంలోనే ఆగిపోయింది. ఆమె చెయ్యి తన చేతి మీద బరువుగా ఉందని మాత్రం తెలిసింది.

అబిగయీలు ప్రతి మాటా విడదీసి, అతని ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"రేపు ఏడుగంటల బస్సుకు ఇద్దరం పోతాండాం. ముందు సమాధానం గారింటికి పోయి సంగతి మీరే చెప్పాలి, నేను చెప్పను. ఆయన పాటలు మన దగ్గరే ఉంచినా, వేరేవాళ్లకు ఇచ్చినా సరే. ఆ తర్వాత నెల్లూరులో చెవుల డాక్టరు. డాక్టరు చూసినాకనే సుశీలన్న అంగడి. ఈ డిస్కు వెనక్కిచ్చి, చప్పుడు లేనిది తెచ్చుకుందాం. పాటలు మనకే ఉంటే శనివారం హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేను కూర్చుంటా, ఎక్కడ ఆపాలో నేను చెప్తా. బస్సులో మాత్రం కిటికీ పక్కన మీరు కూర్చోండి."